కళ్లెదుటి కొండ ఎక్కడానికి పదహారేళ్లు!

మదనపల్లె: పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు కనపడేది ఆ కొండే. సాయంత్రం ఆవును కట్టేసి తల ఎత్తితే కనపడేదీ ఆ కొండే. వాన వస్తుందా, మోసం చేస్తుందా అని చూడాలన్నా ఈ ప్రాంతపు రైతు కళ్లు ముందుగా వెళ్లేది హార్స్లీ కొండ వైపే. అయినా ఆ కొండ దాపున బతుకుతున్న పల్లెల్లో, పైకి వెళ్లి ఒక రాత్రి ఉండి వచ్చిన దంపతులు ఎందరని విచారిస్తే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పిలకాయలు లేకుండా ఇద్దరే వెళ్లి వచ్చినవారు ఎందరంటే వేళ్లు ఇంకా మిగిలిపోతాయి.

శని, ఆదివారాలు వస్తే బెంగళూరు కార్లు వరుసగా ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటాయి. పెళ్లయిన కొత్తలో మన ఊళ్ల జంటలు కూడా ఒకసారి వెళ్లి ఫొటో దిగి వస్తాయి. బిడ్డ పుట్టిందంటే కొండ ముచ్చట అంతటితో సరి. ఆ తర్వాత భార్యాభర్తలు కలిసి ఊరు దాటేది తిరుపతికో, చుట్టాల ఇంట పెళ్లికో, చావుకో, కాకుంటే ఆస్పత్రికో. అప్పుడైనా ఇద్దరే ఉండరు. చంకన ఒకరు, చేయి పట్టుకుని ఒకరు, వెనక సంచి మోస్తూ ఇంకొకరు ఉండనే ఉంటారు.

అంగళ్లు దాపున ఉన్న ఒక పల్లెలో టమోటా పండించే రైతు దంపతులు ఇటీవల వేసవిలో ఆ కట్టు తెంచారు. ఒక పగలు, ఒక రాత్రి కొండ మీద గడిపి వచ్చారు. పేర్లు వేయవద్దని వారి కోరిక. "ఊరంతా ఇప్పటికే నవ్వింది. ఇంక జిల్లా అంతా నవ్వాలా?" అని ఆమె నవ్వుతూనే అంటోంది.

అత్త చెప్పిన తీర్పు

ఆయనకు నలభై, ఆమెకు ముప్పయ్యారు. మూడెకరాల చేను, రెండు జెర్సీ ఆవులు, ఒక ముసలి తల్లి. ఆడపిల్ల పదో తరగతి పరీక్షలు రాసింది. మగపిల్లవాడు ఏడో తరగతి. పదహారేళ్ల కాపురంలో చేనులో నాలుగు బోర్లు వేశారు. మూడు ఎండిపోయాయి. నాలుగోది వేసవిలో గంట పోసి, రెండు గంటలు ఆగి, మళ్లీ పోస్తుంది. పడమటి మండలాల రైతులకు ఈ లెక్క కొత్తగా చెప్పవలసిన పని లేదు.

టమోటా సంగతి అంతకంటే వింత. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద రూపాయలు దాటి పలికినప్పుడు వీరి తోట అప్పటికే అయిపోయి, కట్టెలు పీకేసి ఉంది. పక్క చేనువాడు కొత్త బండి కొన్నాడు. వీరు చేను గట్టున నిలబడి చూశారు. మరుసటి పంటకు వీరి చెట్లు విరగకాశాయి, ధర లేదు. కోత కూలి కూడా రాదని కాయలు చేనులోనే వదిలేశారు.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే పట్టు, అయిదో బోరు. ఆమెకు ఒకటే పట్టు, ఆడపిల్ల చదువు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసిన పిల్లకు సీటు వస్తే హాస్టల్లో పెట్టి చదివించాలని ఆమె, ముందు నీళ్లు పడితే కదా ఫీజు కట్టేది అని ఆయన. రెండూ న్యాయమైన మాటలే. అందుకే తెగలేదు. మాట మొదలైతే పిలకాయలు పుస్తకం పక్కన పెట్టి చెవులు రిక్కిస్తారు. ముసలామె దగ్గుతుంది. ఇద్దరూ సగంలోనే నోరు మూసుకుంటారు. మూసుకున్న నోరు అట్లాగే మూడు నెలలు ఉండిపోయింది. "నీళ్లు కట్టినావా", "పాలు పోసినావా" తప్ప మరో మాట లేకుండా పోయింది.

ఇట్లాంటి ఇళ్లలో అడ్డం పడేది అత్తగారే అని అందరూ అనుకుంటారు. ఇక్కడ కథ తిరగబడింది. ఒకనాడు సంగటి ముద్ద ముందు పెట్టుకుని ముసలామె కొడుకును నిలదీసింది. "మీ నాయనా నేనూ జత కలిసి పోయింది ఒక్కసారే నాయనా, అదీ ఆరోగ్యవరం ఆస్పత్రికి. తిరిగొచ్చేటప్పుడు నేనొక్కదాన్నే వచ్చినా. మీరిద్దరూ పోయి ఆ కొండ మీద ఒక దినం కూర్చోని రండి. ఇంట్లో ఈ మూగనోము నేను చూడలేను" అని తేల్చి చెప్పింది. కొడుకు నవ్వి ఊరుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. మర్నాడే మనవడితో తంబళ్లపల్లె వైపున్న వియ్యపురాలికి ఫోను చేయించి, సెలవులకు పిల్లలిద్దరినీ పంపుతున్నట్టు చెప్పేసింది.

ఆవుకు సెలవు లేదు

పిల్లలను అవ్వగారి ఇంటికి పంపడం సులువే. ఆవులను పంపేదెక్కడికి? పెద్ద ఆవు కోడలి చేయి తప్ప వేరే చేయి తగిలితే కాలు విసిరే రకం. పొద్దున, సాయంత్రం పాల కేంద్రంలో పాలు పోయకపోతే వారం చివర వచ్చే డబ్బుకు కోత పడుతుంది. ఈ ఒక్క కారణంతోనే చాలా ఇళ్లలో ఆడవారు పుట్టింటికి కూడా రెండు రోజులు వెళ్లలేరు. ఊళ్లలో పాడి గురించి గొప్పగా చెప్పేవారు ఈ సంగతి చెప్పరు.

అత్తగారు దానికీ ఉపాయం చూసింది. కోడలు రోజూ పాలు పితికేటప్పుడు కట్టుకునే పాత చీరను ఉతకకుండా ఉంచమంది. ప్రయాణానికి ముందు మూడు పూటలు ఆ చీర చుట్టుకుని, కోడలిని పక్కన నిలబెట్టుకుని పితికింది. మొదటి పూట ఆవు తల తిప్పి అనుమానంగా చూసింది. మూడో పూటకు ఒప్పుకుంది.

ఇక మిగిలింది టమోటా కోత. రెండు మూడు రోజులకొకసారి కోయకపోతే కాయ పండి మెత్తబడుతుంది. అందుకని ఒక కోత బాక్సులు మండీకి తోలిన మరునాడే బయలుదేరి, తర్వాతి కోతకు ముందే తిరిగి రావాలని లెక్క వేసుకున్నారు. నీళ్లు కట్టే పని పక్క చేనువాడికి అప్పగించారు. అతని చేనుకు ఇంకో రోజు వీరు కట్టాలని ఒప్పందం.

ఊరు మాత్రం ఊరికే ఉంటుందా? పాల కేంద్రం దగ్గర వరుసలో నిలబడిన ఆడవారు "ఏమక్కా, రెండో పెండ్లా?" అని పరాచికాలాడారు. రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన "టమోటాకు ధర లేదు గాని షికారుకు ధైర్యముంది" అన్నాడు. ఆ మాట ఆయనకు తగిలింది. చొక్కా తొడుక్కున్నవాడు మళ్లీ విప్పి మంచం మీద కూర్చున్నాడు. "బాకీ ఉన్నవాడు అన్నం తినడం మానుకుంటాడా?" అని తల్లి గదిమితే తిరిగి లేచాడట. సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, సంగటి ముద్దలు, ఊరిబిండి, వేయించిన చెనక్కాయలు పెట్టుకుని ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చి బస్సుకు చేయి ఎత్తారు.

గాలి కోసం వచ్చినవారు

మదనపల్లె నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న ఈ కొండ సముద్ర మట్టానికి నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని, ఆమె అడవి మనుషుల జబ్బులకు మందులిచ్చేదని, ఒకనాడు కనపడకుండా పోయిందని స్థలపురాణం. కొండ మీద ఆమె గుడి ఉంది. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్లీ దొర ఎండలకు తాళలేక ఇక్కడ బంగళా కట్టుకున్నాడు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. దొర పేరు కొండకు అతుక్కుపోయింది. మల్లమ్మ పేరు మన ముసలివారి నోళ్లలో మిగిలింది.

ఈ ప్రాంతపు గాలికి ఉన్న పేరు చిన్నది కాదు. క్షయ రోగులకు మంచి గాలి ముఖ్యమని భావించిన రోజుల్లో, గత శతాబ్దం ఆరంభంలో, మదనపల్లె దాపున ఆరోగ్యవరంలో పెద్ద శానిటోరియం వెలిసింది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొద్ది రోజులు బస చేసినప్పుడే ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. అంతటివారు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ సేద తీరి వెళ్లారు. మనకు మాత్రం రోజూ ఉచితంగా వీచే గాలి గనుక విలువ లేదు కాబోలు.

ఘాట్‌రోడ్డు మలుపుల్లో బస్సు తిరుగుతుంటే ఆమెకు కడుపులో తిప్పింది. కిటికీ పక్క చోటు ఇచ్చి, ఆయన జేబులోంచి నిమ్మకాయ తీశాడు. "నాకు బస్సు పడదని ఈయనకు గుర్తుందా అనుకున్నా" అని ఆమె ఈ సంగతి రెండుసార్లు చెప్పింది. మూడు నెలల తర్వాత మొదటి మాట ఆ నిమ్మకాయ మీదే జరిగిందట.

గాలిబండ మీద కనపడిన చేను

కొండ మీద చూడవలసినవి గంటలో చూసేయవచ్చు. నీలగిరి చెట్ల నీడ, అటవీశాఖ వారి పార్కు, గవర్నరు బంగళా, మల్లమ్మ గుడి. వీటిని చూసి ‘ఇంతేనా’ అని దిగిపోయేవారు కూడా ఉన్నారు. ఈ దంపతులకూ మొదట అట్లాగే అనిపించింది. పనిలేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. దారిలో ఎండుపుల్లలు కనపడితే ఏరబోయి ఆమె నాలుక్కరుచుకుంది. మధ్యాహ్నంలోగా ఇంటికి మూడుసార్లు ఫోను చేశారు. మూడోసారి ముసలామె "ఆవు బాగుంది, నేను బాగున్నా, ఇంక చేస్తే ఎత్తను" అని పెట్టేసింది. సంగటి ముద్దలో ఒకటి కోతి ఎత్తుకుపోయింది.

సాయంత్రం గాలిబండ ఎక్కారు. పేరుకు తగ్గ బండ. గాలి మనిషిని తోసేస్తుంది. ఆయన భుజం మీద టవలు ఎగిరి లోయలోకి పోయింది. ఆమె పక్కున నవ్వింది. మాట్లాడితే పక్కవారికి వినపడదు గనుక ఊరికే కూర్చున్నారు.

అక్కడి నుంచి కింద నేల పరిచిన చాపలా కనపడుతుంది. ఆయన కళ్లు అలవాటుగా తమ ఊరిని వెతికాయి. చెరువు గుర్తు పట్టాడు. నీళ్లు లేని చెరువు తెల్లగా మెరిసింది. దాని పక్కన రోడ్డు, రోడ్డు పక్కన తమ చేను అని వేలు చూపించాడు. "అది కాదు, ఇంకొంచెం కిందికి" అని ఆమె దిద్దింది. ఎవరిది ఒప్పో ఇప్పటికీ తేలలేదు. తేలింది మాత్రం ఇంకొకటి. ఎక్కడ చూసినా గోధుమరంగు నేల, మధ్య మధ్య జేబురుమాళ్లంత పచ్చని ముక్కలు. ఆ పచ్చముక్కలన్నీ బోర్లు బతికి ఉన్న చేలు. "కిందినుంచి చూస్తే మాకొక్కరికే నీళ్లు లేవని అనిపించేది. పైనుంచి చూస్తే ఎవరికీ లేవు. అందరమూ ఒకే కుండలో గొట్టాలు దించి పీల్చుకుంటున్నాం" అంటాడాయన. చదివింది ఎనిమిదో తరగతే గాని భూగర్భ జలాల మీద ఇంత సూటిగా చెప్పినవారు తక్కువ.

పూర్తిగా కొట్లాడుకున్నారు

రాత్రి గదిలో అసలు సంగతి బయటపడింది. బోరు లారీ మాట్లాడుకోవడానికి మండీ వ్యాపారి దగ్గర ఆయన అప్పటికే యాభై వేలు తెచ్చి పెట్టుకున్నాడు. తెచ్చిన డబ్బుకు వడ్డీ ఒకటే కాదు, పంటంతా ఆ మండీకే తోలాలన్న కట్టు కూడా ఉంటుంది. భార్యకు చెప్పలేదు. ఆమె దగ్గరా ఒక రహస్యం ఉంది. పిల్ల చదువు కోసమని పాల డబ్బులో నుంచి రెండేళ్లుగా పొదుపు సంఘంలో విడిగా కడుతోంది. భర్తకు చెప్పలేదు.

కొండ మీది చల్లగాలిలో ఇద్దరూ మెత్తబడి కళ్లనీళ్లు పెట్టుకున్నారని రాస్తే సినిమా కథ అవుతుంది. జరిగింది అది కాదు. ఇద్దరూ గట్టిగా కొట్లాడుకున్నారు. "ఇంట్లో పిలకాయలు వింటారని గొంతు తగ్గించి, సగంలో వదిలేసి పండుకుంటాం. ఆ సగమే మర్నాటికి పుండవుతుంది. ఆ రాత్రి మాత్రం వదల్లేదు, పూర్తిగా కొట్లాడుకున్నాం. పక్క గదివాళ్లు తలుపు తట్టినారు" అని ఆమె సిగ్గుపడకుండా చెబుతోంది. అర్ధరాత్రి దాటాక ఆకలి వేసింది. మిగిలిన సంగటి, ఊరిబిండి నంజుకుని తిన్నారు. చలికి ఒక దుప్పటి చాలలేదు. మదనపల్లెలో ఫ్యాను కింద కూడా చెమట పోసే నెలలో తాము చలికి వణికామంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదట.

తెల్లవారి మంచు తెరలో టీ కొట్టు ముందు కూర్చుని లెక్కలు వేశారు. వెయ్యి అడుగులు దింపితే బోరుకు లక్ష దాటుతుంది. మోటారు, పైపులు వేరే. పడకపోతే అప్పు మాత్రం పడుతుంది. ఉన్న బోరు పోసే నీళ్లకు ఎకరం టమోటా చాలునని, దానికి సబ్సిడీ మీద డ్రిప్ పెట్టుకోవాలని, మిగతా రెండెకరాల్లో వాన పడితే చెనిక్కాయ వేయాలని తేల్చుకున్నారు. యాభై వేలు ఖర్చు కాకముందే తిరిగి ఇచ్చేయాలన్నది ఆమె మాట. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కొండ దిగే బస్సు వచ్చేదాకా బిగుసుకునే ఉన్నాడు. బస్సు మూడో మలుపులో "సరే, ఇచ్చేద్దాంలే" అన్నాడట. పిల్లకు సీటు వస్తే పంపడం, రాకపోతే మదనపల్లెలో ఇంటర్లో చేర్చడం అని కూడా దారిలోనే తీర్మానం అయింది.

ఖర్చు ఎంతయిందని అడిగితే రూపాయల్లో చెప్పలేదు. ఆ వారం మండీ ధరకు పది బాక్సుల టమోటా అని ఆమె లెక్క. అందులో ఎక్కువ భాగం గది అద్దెకే పోయింది.

ఒక్క పగలైనా చాలు

అందరికీ రాత్రి ఉండే వీలు ఉండదు. కురబలకోట వైపు పల్లెకు చెందిన ఒక తాపీ మేస్త్రీ ఏడాదికొకసారి భార్యను బండి మీద ఎక్కించుకుని పొద్దున వెళ్లి చీకటి పడకముందే దిగివస్తాడు. చద్దిమూట, నీళ్ల సీసా తప్ప ఖర్చు పెట్రోలే. "ఇల్లు కట్టేవాణ్ణి, ఇంట్లో కూర్చుంటే గోడలే కనపడతాయి" అంటాడు. మదనపల్లెలో ఒక విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు పిల్లలు పెద్దవారై విదేశాలకు వెళ్లాక గాని కొండ ఎక్కలేదు. అప్పటికి ఆమెకు మోకాళ్ల నొప్పులు. గాలిబండ కింది నుంచే చూసి వచ్చారు.

వెళ్లదలచినవారు కొన్ని సంగతులు గమనించడం మంచిది. కొండపైకి బస్సులు రోజుకు కొన్నే గనుక వేళలు మదనపల్లె బస్టాండులో ముందుగా కనుక్కోవాలి. శని, ఆదివారాల్లో గదులు దొరకవు, దొరికినా మన పల్లెల జేబుకు భారం. మామూలు రోజుల్లో, అదీ ముందుగా అద్దె విచారించి వెళ్లాలి. పైన తిండి ధర ఎక్కువ. చద్ది కట్టుకుపోతే మేలు, అయితే కోతుల కంట పడనివ్వరాదు. వేసవిలోనైనా దుప్పటి మరవరాదు. బండి మీద వెళ్లేవారు చీకటిలో ఘాట్‌రోడ్డు దిగరాదు. పేదసాదలు తక్కువ ఖర్చుతో ఒక రాత్రి తలదాచుకునే సత్రం వంటిది పైన ఉంటే బాగుండునని ఈ చుట్టుపక్కల పల్లెల వారి కోరిక. గుడులున్న కొండలకు సత్రాలున్నాయి. గాలి ఉన్న కొండకు ఒకటి ఉంటే తప్పేమిటని వారి ప్రశ్న.

టమోటా దంపతులు ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో అత్తగారు పాత చీరలోనే కూర్చుని ఉంది. ఏమి మాట్లాడుకున్నారని అడగలేదు. "ఆ టవలేదిరా?" అని మాత్రం కొడుకును అడిగింది. ఆ సాయంత్రం పాల కేంద్రంలో కొలిస్తే ఆ ఇంటి పాలు అర లీటరు తక్కువ వచ్చాయి. మర్నాడు సరిపోయాయి.